గౌరవంలోనూ వేరు పంక్తేనా?

సంపాదకులు గారికి నమస్కారం.

కష్టాలను గెలిచిన క్రీడాకారుల ప్రస్తావనలో అమెరికా బేస్‌బాల్ నుంచి మనకు వినిపించేది సాధారణంగా జాకీ రాబిన్సన్ పేరొక్కటే. 1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున బరిలోకి దిగి, అరవై ఏళ్లకు పైగా నల్లజాతి ఆటగాళ్లకు మూసి ఉన్న మేజర్ లీగుల (అక్కడి అత్యున్నత స్థాయి పోటీల) తలుపు తెరిచిన ఆయనకు ఆ కీర్తి తగినదే. అయితే ఆ తలుపు బయటే ఆడి, బయటే కన్నుమూసిన జాష్ గిబ్సన్‌ను మరవడం న్యాయం కాదు.

క్రికెట్‌లో వికెట్ కీపర్ వంటి క్యాచర్ స్థానంలో ఆడుతూ, నల్లజాతి ఆటగాళ్ల కోసం విడిగా నడిచిన నీగ్రో లీగుల్లో సిక్సర్ల వంటి భారీ హోమ్ రన్లకు పేరుపడ్డ గిబ్సన్, రాబిన్సన్ అరంగేట్రానికి మూడు నెలల ముందు, 35 ఏళ్లకే మరణించారు. 1972లో బేస్‌బాల్ దిగ్గజాల గౌరవ మందిరమైన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కినా, ఆయన ఆట మేజర్ లీగుల లెక్కల్లోకి రాలేదు. 2024లో నీగ్రో లీగుల గణాంకాలను ఆ రికార్డుల్లో కలిపాకే, టై కాబ్ పేరిట ఉన్న .367 జీవితకాల బ్యాటింగ్ సగటును (బ్యాటింగ్ అవకాశాల్లో హిట్ల నిష్పత్తిని) గిబ్సన్ .372తో దాటారు.

నీగ్రో లీగుల్లోనే ఆడిన పిచర్ (బౌలర్ వంటివాడు) సాచెల్ పేజ్‌కు మాత్రం, తోటివారు ఆట మానుకునే 42 ఏళ్ల వయసులో, 1948లో క్లీవ్‌లాండ్ జట్టు నుంచి పిలుపు వచ్చింది. 1971లో హాల్ ఆఫ్ ఫేమ్ ఆయనను తొలుత ప్రత్యేక విభాగంలో ఉంచాలనుకుని, విమర్శలు రావడంతో వెనక్కి తగ్గింది. సన్మానంలోనూ వేరు పంక్తి వేయబోయారన్నమాట!

బేస్‌బాల్ రికార్డులను ప్రచురించేటప్పుడు 2024 నాటి సవరణను పరిగణనలోకి తీసుకోవాలని మనవి.

భవదీయుడు,
ఒక పాఠకుడు, గుంటూరు