నల్ల తాళం

ఇర్వింగ్, టెక్సస్
ఆదివారం, ఇంకా తెల్లారలేదు

ఒరేయ్ బుజ్జిగా,

నువ్వు రెండు నెలల కిందట రాసినదానికి ఇవాళ జవాబు రాస్తున్నాను. తిట్టాలనుంటే ముందే తిట్టేసి చదువు, మధ్యలో ఆపొద్దు. వాయిస్ మెసేజ్ పెడదామనుకున్నాను గానీ, నా మెసేజులు నువ్వు రెట్టింపు స్పీడులో పెట్టుకుని వింటావని చెల్లెమ్మ చెప్పేసింది. ఇది అలా వినాల్సిన సంగతి కాదు.

ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాళ్ళు పర్వాలేదు. పాపకి పళ్ళకి క్లిప్పులు వేయించాం, ఖర్చు అడక్కు. మా టీములో ఇద్దర్ని తీసేశారు, నేనింకా ఉన్నాను. స్థలం కాగితాల గురించి వచ్చే ఉత్తరంలో. కబుర్లు అయిపోయాయి.

మొన్న శుక్రవారం పిల్లిని డ్రాగ్ స్ట్రిప్‌కి తీసుకెళ్ళానురా! అదే, రెండేసి బండ్లు పక్కపక్కన తిన్నగా పరిగెత్తే రేసు ట్రాక్.

పిల్లి అంటే అదే, నా డాడ్జ్ కారు, హెల్‌క్యాట్. ఫోటో పంపితే "ఇది పిల్లి కాదురా, మన గేదె" అన్నావే, ఆ బండి. నీ మాటలో తప్పేం లేదు, రెండు టన్నులు తూగుతుంది. దీనికి రెండు రంగుల తాళాలు ఉంటాయని చెప్పానా? ఎర్రదానితో స్టార్ట్ చేస్తే 707 గుర్రాలూ, అంటే హార్స్‌పవర్ అంతా, బయటికొస్తాయి. నల్లదానితో చేస్తే 500 దగ్గర కళ్ళెం పడుతుంది, కంపెనీవాడే అలా పెట్టాడు. మీ అన్నయ్య ఆరెక్స్ హండ్రెడ్ బైకుకి ఉన్నవి పదకొండు. ఆ పదకొండుతోనే మనిద్దరం కాలవలో పడ్డాం. సరే, తాళాల సంగతి గుర్తుపెట్టుకో, పని ఉంది.

ఎందుకు వెళ్ళానంటే మీ చెల్లెలి వల్ల. ఒక రాత్రి హైవే ఎక్కే ర్యాంప్ మీద నాకేదో పూని గట్టిగా తొక్కాను. పాప వెనక సీట్లో ఉంది. ఇల్లు చేరేదాకా మీ చెల్లెలు నోరు విప్పలేదు. గ్యారేజీలో దిగాక, "అంత దురదగా ఉంటే దానికో చోటు ఉంటుంది కదా, అక్కడికెళ్ళి తొక్కు. ఇంకోసారి రోడ్డు మీద తొక్కితే ఈ బండి అమ్మేది నేను" అంది. తన గొంతు నీకు తెలుసు.

ఆ చోటు ఎనిస్ అనే ఊళ్ళో ఉంది. డాలస్ నుంచి 45వ నంబరు హైవే మీద దక్షిణంగా వెళ్ళాలి, మా ఇంటి నుంచి గంట. టెక్సస్ మోటార్‌ప్లెక్స్ అని పేరు. బిల్లీ మేయర్ అనే పాత రేసర్ 1986లో కట్టించాడు. పావు మైలు, అంటే 402 మీటర్లు, మొదటి నుంచి చివరి దాకా కాంక్రీటే. కొన్ని శుక్రవారం రాత్రుళ్ళు మనలాంటి మామూలు వాళ్ళు కూడా డబ్బు కట్టి సొంత బండి పరిగెత్తించుకోవచ్చు.

నేను పిల్లిలో ఒక్కణ్ణే వెళ్ళాను. మీ చెల్లెలు మా ఇంకో బండి, టొయోటా సియెన్నా వ్యాన్‌లో పాపనీ, అమ్మనీ, నాన్ననీ, పులిహోర గిన్నెనీ ఎక్కించుకుని వెనకే వచ్చింది. నాన్న చేతిలో ఎప్పటి సంచి. అందులో లుంగీ, టార్చిలైటు, మంచినీళ్ళ సీసా. ముప్పై ఏళ్ళు రాజమండ్రి నుంచి భద్రాచలం బస్సు తోలిన మనిషికి ఏ ప్రయాణమైనా నైటవుటే కదా.

మొదటి అవమానం గేటు దాటగానే జరిగింది. బండిని తనిఖీ చేసేవాడు టైర్లు, చక్రాల నట్లు, బ్యాటరీ బిగింపు, సీటు బెల్టు చూశాడు. పద్నాలుగు సెకన్ల లోపు వెళ్ళే బండికి హెల్మెట్ ఉండాలి, అది నేను కొనుక్కునే వెళ్ళాను. అన్నీ బాగున్నాయని తలాడించి, నా మోకాళ్ళ వైపు చూశాడు. నిక్కరు. ప్యాంటు లేకుండా పరిగెత్తనివ్వరట. మంటలంటుకుంటే కాళ్ళు కాలతాయని. దగ్గరలో బట్టల కొట్టేదీ లేదు. అక్కడే ఉండి వింటున్న నాన్న ఏమీ మాట్లాడకుండా సియెన్నా వెనక్కి వెళ్ళి, లుంగీ కట్టుకుని, తన ప్యాంటు మడతపెట్టి తెచ్చి ఇచ్చాడు. ఏ ప్యాంటో ఊహించు. ఆర్టీసీ ఖాకీ! రిటైరై ఇన్నేళ్ళయినా బయటికెళ్తే అదే వేస్తాడు, గట్టి గుడ్డట. నడుము దగ్గర రెండు జానలు వదులు, కాళ్ళ దగ్గర జానెడు పొట్టి. బెల్టు బిగించి, 707 గుర్రాల బండి ఎక్కాను. నవ్వింది చాలు, చదువు.

అద్దం మీద నంబరు రాశారు. దేనితో అనుకున్నావ్? బడిలో పీటీ బూట్లకి పూసుకునేవాళ్ళమే, ఆ తెల్ల పాలిష్‌తో. ఆ వాసన తగలగానే నువ్వు గుర్తొచ్చావు. శనివారం, ఒక బూటు, ఇంకేం చెప్పను.

వరసలో నా ముందు పాతిక బండ్లు. వాళ్ళని చూసి నేర్చుకుందామనుకున్నాను గానీ చూసింది ఒక్కటీ బుర్రకెక్కలేదు, అరచేతులకి ఒకటే చెమట. ఏసీ ఆపెయ్యమని ఒకతను అద్దం మీద కొట్టి చెప్పాడు, దాని నీళ్ళు ట్రాక్ మీద కారతాయని. స్టార్టింగ్ లైను ముందు తడిపిన చోటు ఒకటుంది. అందరూ అక్కడ చక్రాలు గిర్రున తిప్పి పొగ లేపుతున్నారు. నేనూ దాంట్లోకే దిగి పొగ లేపాను. అది నాకు కాదురా! గాళ్ళు లేని రేసు టైర్ల కోసం ఆ నీళ్ళు. మన మామూలు టైర్ల గాళ్ళలో నీళ్ళు పట్టుకుని లైను దాకా వస్తాయి, జారిపోతాం. పక్కనుంచి చుట్టి రావాలి. ఈ ముక్క నాకు ముందే చెప్పేవాడెవడు?

తర్వాత లైటు కంబం. క్రిస్మస్ ట్రీ అంటారు. ముందు చక్రం నేల మీది కిరణానికి అడ్డం పడితే పైన మొదటి దీపాలు వెలుగుతాయి. ఇంకో ఏడు అంగుళాలు పాకితే రెండోవి. అక్కడ ఆగాలి. నేను దాటిపోయాను. లైను దగ్గరి మనిషి రెండు చేతులూ ఊపుతూ వెనక్కి రమ్మన్నాడు. కాంప్లెక్సులో కండక్టరు విజిలేసి "రానీ, రానీ, హోల్డాన్" అంటాడే, అచ్చం అలాగే. పైగా ఖాకీ ప్యాంటు.

పసుపు దీపాలు మూడూ అర సెకను తేడాలో దిగుతాయి, ఆ తర్వాత పచ్చది. నేను బుద్ధిమంతుడిలా పచ్చది కళ్ళారా చూసి, అవును పచ్చదే అని నిర్ధారించుకుని, అప్పుడు నేలకి తొక్కాను. బండి ముందుకి పోలేదు, వెనక భాగం డాన్స్ చేసింది. పక్క లేనులో తలుపు తుప్పుపట్టిన పాత పికప్ ఒకటి ఉండాలి. అప్పటికే అది నాకు వెనక లైట్లు చూపిస్తోంది.

చివర్న చిన్న బూత్‌లో చీటీ ఇస్తారు. 14.31 సెకన్లు, గంటకి 104 మైళ్ళు. పచ్చ దీపం వెలిగాక కదలడానికి నేను తీసుకున్నది 1.184 సెకన్లు. తమాషా ఏంటంటే, బండి కదిలి కిరణం దాటితేనే గడియారం మొదలవుతుంది. అంటే నేను మర్నాడు పొద్దున కదిలినా నా టైమ్ 14.31 సెకన్లే. కాకపోతే పక్కవాడు ఇంటికెళ్ళి పడుకుని ఉంటాడు.

ఆ పికప్ ఆయనకి డెబ్బై ఉంటాయి. తనే నా దగ్గరికొచ్చాడు. నీళ్ళ సంగతి చెప్పింది ఆయనే. వెనక టైర్లలో గాలి 28 పీఎస్ఐకి దించమన్నాడు, మూడో పసుపు దీపం వెలగగానే కదలమన్నాడు. మొదటి అరవై అడుగులు పెడల్‌ని పూర్తిగా తొక్కకుండా ఓపిక పట్టమన్నాడు. చీటీలో ఆ అరవై అడుగుల అంకె వేలితో చూపించాడు, 2.61 సెకన్లు. "నీ రాత్రంతా ఇక్కడే పోయింది" అన్నాడు. ఈ కాంక్రీటు మీదే 1988 ఏప్రిల్‌లో ఎడ్డీ హిల్ 4.990లో వెళ్ళాడు, రాకెట్ బండ్లు వదిలేస్తే, మామూలు పిస్టన్ ఇంజన్ బండిలో ఐదు సెకన్ల లోపు వెళ్ళిన మొదటివాడు. అది చెప్తున్నప్పుడు ఆయన మొహం చూడాలి. మన ఊళ్ళో ముసలాళ్ళు రామారావుగారిని దగ్గర్నుంచి చూశామని చెప్తారే, అలా వెలిగిపోయింది.

రెండోసారి ఆయన చెప్పినట్టే చేశాను. నీళ్ళు చుట్టి వచ్చాను. మూడో పసుపుకి కదిలాను, కాలు మెల్లగా దించాను. బండి పట్టుకుందిరా! నేల జిగురుగా ఉంటుంది అక్కడ, ఏదో మందు కొడతారు, నడిస్తే చెప్పు ఊడొస్తుంది. ఆ జిగురు టైరుని పట్టుకుంటే వీపు సీటుకి అతుక్కుపోయింది. ఏం ఆలోచించానో ఏమీ గుర్తులేదు. అరిచానని మాత్రం గుర్తుంది, ఏమని అరిచానో నీకొక్కడికే తెలియాలి, కాలవ గట్టు మీద అరిచిందే. 12.84 సెకన్లు, 110 మైళ్ళు.

చీటీ పట్టుకుని స్టాండు మెట్లు పరిగెత్తుకుంటూ ఎక్కాను, ఒక చేత్తో ప్యాంటు ఎత్తిపట్టుకుని. "చూశావా, 707 గుర్రాలంటే ఇదీ" అని మీ చెల్లెలికి ఉపన్యాసం మొదలుపెట్టాను. తను మొత్తం విన్నది. పులిహోర పొట్లం నా చేతిలో పెట్టింది. హ్యాండ్‌బ్యాగ్ తీసి, విభూతి పొట్లం పక్కన ఉన్న ఎర్ర తాళం బయటికి తీసింది.

నా తాళానికి తోలు తొడుగు ఉంటుంది, వెంకన్న బాబు బిళ్ళ ఉన్నది. ముందు రోజు రాత్రే తొడుగు విప్పి నల్లదానికి వేసేసిందట. నేను చూసుకోనే లేదు. "మొదటిసారి కదా, 500 చాలవా అనుకున్నా" అంది.

నాకు కోపమొచ్చిందిరా. నవ్వులాట కోపం కాదు. అమ్మ ముందే గట్టిగా మాట్లాడాను. నన్ను నమ్మలేదా అన్నాను. తను పాప వైపు చూసింది, అంతే. ఆ రోజు ర్యాంప్ మీద పాప ఎలా... సరే, అది వదిలెయ్. ఎర్ర తాళం లాక్కుని కిందికి దిగిపోయాను.

మూడోసారి. ఎర్ర తాళం. ఇంజన్‌లోకి గాలి కూరే సూపర్‌చార్జర్ కూత ఈసారి బాగా వినిపించింది, పిండిమర బెల్టు జారుతుంటే కీచుమంటుందే, అలాంటిది. ఆ పెద్దాయన చెప్పినవన్నీ గుర్తున్నాయి, కాలికే గుర్తులేదు. తొక్కాను. వెనక భాగం గోడ వైపు జరిగింది. ఎంత జరిగిందో చెప్పలేను, నా ప్రాణానికి గజం అనిపించింది, పాప అడుగే అంటోంది. కాలు తీసేశాను, బండి తిన్నగా అయ్యాక మళ్ళీ తొక్కాను. 13.47 సెకన్లు, 117 మైళ్ళు. గమనించావా? చివర్లో స్పీడు ఎక్కువే, బలం ఉంది మరి. కానీ ముందు అరవై అడుగుల్లో పోయింది వెనక్కి రాలేదు. నల్ల తాళమే ముందు. అర సెకనుకి పైగా.

సరే, ఇంకోసారి చూద్దామని వరసలో నిలబడ్డాను. మాకు ముందు వెళ్ళిన బండేదో లేను పొడుగునా ఆయిల్ కార్చేసింది. దాన్ని తుడిచి, పొడి చల్లి, మళ్ళీ ఊడ్చి, గంట దాటింది. నాన్న లుంగీలోనే నడుచుకుంటూ వచ్చి, మడత కుర్చీ వేసుకుని నా పక్కన కూర్చున్నాడు. వచ్చినప్పటి నుంచీ ఆయన అన్నది రెండే మాటలు: "ఇంతేనా దూరం?", "పెట్రోలు ఎంతవుతుంది?" అప్పుడు మాత్రం ఉన్నట్టుండి మారేడుమిల్లి ఎత్తుకున్నాడు.

వానాకాలం, ఎదురు లారీకి దారి ఇవ్వబోయి బస్సు మార్జిన్‌లో దిగబడింది. ఆయన సర్వీసులో చేరిన కొత్త. ఫస్ట్ గేరేసి లేపుతుంటే చక్రం అక్కడే తిరిగి గొయ్యి తవ్వుకుంటోందట. జనం దిగిపోయి చూస్తున్నారు. ఆ లారీ డ్రైవరు దిగొచ్చి, "సెకండ్ వెయ్యి, తొక్కకు, ఆనించు" అన్నాడట. బస్సు లేచొచ్చింది. ఇన్నేళ్ళలో ఈ కథ నాకెప్పుడూ చెప్పలేదు, ఆయన బస్సు దిగబడిందంటే ఒప్పుకునే మనిషా? చెప్పి, కాసేపు ఆ పొగ చూస్తూ కూర్చుని, "మీ ఆవిడ నీకిచ్చింది సెకండ్ గేరురా" అన్నాడు.

నేనేమీ అనలేదు. ఆయనే మళ్ళీ, "ప్యాంటుకి గ్రీజు అంటించకు" అన్నాడు.

నాలుగోసారి జరగనే లేదు. పదకొండు దాటాక ఇవాళ్టికి ఇంతే అని మైకులో చెప్పేశారు. తిరిగొచ్చేటప్పుడు మీ చెల్లెలు నాతోపాటు పిల్లిలో ఎక్కింది. వాక్సహాచీ మలుపు దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. తర్వాత తనే, "నేను కూడా ఒకసారి నడపొచ్చా అక్కడ?" అంది. ఏ తాళంతో అని అడగబోయి ఆగిపోయాను.

పొద్దున లేచేసరికి ఫ్రిజ్ మీద 12.84 చీటీ అంటించి ఉంది. మిగతా రెండు ఎక్కడ పెట్టిందో దొరకలేదు. చీటీ మూల నల్ల స్కెచ్ పెన్నుతో చిన్న తాళం బొమ్మ. పాప వేసిందంటోంది, నాకు నమ్మకం లేదు.

నీకు ఇంకో ముఖ్యమైన సంగతి రాయాలి, ఆ పికప్ ఇంజన్ గురించి, నువ్వు వింటే పిచ్చెక్కిపోతావ్, ఆయన దాన్ని ఎక్కడ... అయ్యో, కింద హారన్. గుడికి తయారు కాలేదని అరుస్తున్నారు, అందరూ సియెన్నా ఎక్కేశారట. నాన్న తన ప్యాంటేదని అడుగుతున్నాడు. ఉతకడానికి వేశాననుకున్నాను, ఇప్పుడు చూస్తే కుర్చీ మీదే ఉంది, గ్రీజుతో. ఉంటానురా, మిగతాది మళ్ళీ

నీ
గేదె డ్రైవరు