అంబులెన్సుల్లో పసిపిల్లల ఊపిరికి తగిన సరంజామా ఉండాలి

సంపాదకుల వారికి,

అయ్యా,

ఈశాన్య రుతుపవనాల వానలు మొదలై, వాటి వెంటే చలి ముదిరే నెలల్లో మా మెట్ట మండలాల్లోని పసిపిల్లలకు దగ్గు, ఆయాసం ఎక్కువవుతాయి. ఉదయగిరి నుంచి నెల్లూరుకు దాదాపు నూరు కిలోమీటర్లు. సీతారామపురం వైపు పల్లెలకైతే ఇంకా దూరం. డొక్కలెగరేస్తున్న బిడ్డను ఎత్తుకుని బయలుదేరిన తల్లి పెద్దాసుపత్రిలో పిల్లల డాక్టరును చేరేసరికి గంటలు గడుస్తాయి. ఆ దారిలోనే వైద్యం మొదలయ్యేలా జిల్లా యంత్రాంగం ఏర్పాటు చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

పెద్దవారిలో ఉన్నట్టుండి గుండె ఆగితే చాలావరకు గుండెజబ్బే కారణం. పసిపిల్లల్లో ఎక్కువగా ముందు ఊపిరి దెబ్బతిని, ఒంట్లో ఆక్సిజన్ తగ్గి, ఆ తరువాత గుండె ఆగుతుంది. కనుక వారి విషయంలో చెయ్యి అడ్డం పెట్టడానికి కొంత వ్యవధి ఉంటుంది.

ఆ వ్యవధిని వాడుకోవడానికి ఖరీదైన యంత్రాలేమీ అక్కరలేదు. బిడ్డను ముట్టుకోకముందే చూడవలసినవి మూడు: మనుషులను గుర్తుపట్టి చూస్తున్నదా, లేక ఒళ్లు వేలవేసిందా; ముక్కుపుటాలు ఎగురుతున్నాయా, డొక్కలు లోపలికి పోతున్నాయా, మూలుగు వినబడుతున్నదా; చర్మం పాలిపోయిందా, పెదవులు నీలంగా మారాయా. వీటికి అర నిమిషం చాలు. తరువాత బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు నిండు నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు శిశువుకు నిమిషానికి 60, ఏడాది లోపు బిడ్డకు 50, అయిదేళ్ల లోపు పిల్లలకు 40, లేదా అంతకు మించితే అది వేగంగా ఆడుతున్న ఊపిరి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన కొలత. ఆశా కార్యకర్తలకు నేర్పే లెక్క ఇదే.

నర్సుగా నా ఉద్యోగ కాలంలో నన్ను ఎక్కువగా భయపెట్టిన మాట ఒకటుంది: "ఏడుపు మానేశాడమ్మా, ఇప్పుడు కాస్త నెమ్మదించినట్టుంది." ఎగబీల్చి ఎగబీల్చి అలసిన బిడ్డ ఊపిరి నెమ్మదించి, కళ్లు మూతలు పడుతుంటే అది తేరుకోవడం కాదు, శక్తి ఉడిగిపోవడం. అంబులెన్సులోని సిబ్బంది మాస్కు, చేత్తో నొక్కే గాలి బ్యాగుతో ఊపిరి అందించడానికి సిద్ధం కావలసిన క్షణం అదే. కానీ పెద్దల కొలత మాస్కు పసివాడి ముఖమంతా కప్పి కళ్ల మీదికి వస్తుంది, గాలి పక్కల నుంచి పోతుంది. ఒంట్లో ఆక్సిజన్ శాతం చూపేందుకు పెద్దల వేలికి పెట్టే ఆక్సీమీటరు క్లిప్పు ఆ చిట్టి వేలికి నిలవదు, అది చూపే అంకెను నమ్మలేము.

తెలివిలో ఉన్న బిడ్డను స్ట్రెచర్ మీద పడుకోబెట్టి కట్టివేయకూడదు. తల్లి ఒడిలో తనకు వీలైన తీరున కూర్చోనిచ్చి, మాస్కుకు భయపడితే ఆక్సిజన్ గొట్టాన్ని ముఖానికి దగ్గరగా పట్టుకోవచ్చు. ఏడిపిస్తే ఆయాసం హెచ్చుతుంది. పిల్లికూతలుంటే, ఊపిరి గొట్టాలను విప్పే సాల్బుటమాల్ మందు ఇన్‌హేలరును స్పేసరుతో (ఇన్‌హేలరుకు తగిలించే గొట్టంలాంటి డబ్బా) ఇవ్వాలి; స్పేసరు దొరకనిచోట అర లీటరు ప్లాస్టిక్ సీసాతో చేసుకోవచ్చన్నది కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనే. ఊపిరి లోపలికి తీసేటప్పుడు గొంతులో గరగరమని శబ్దం వస్తుంటే చెంచా పెట్టి గొంతు చూడకూడదు.

అంతవరకు ఆడుకుంటున్న బిడ్డకు హఠాత్తుగా ఊపిరాడకపోతే వేరుశనగ పప్పో, సీతాఫలం గింజో అడ్డుపడిందేమోనని అనుమానించాలి. గట్టిగా దగ్గగలిగితే దగ్గనివ్వాలి. దగ్గలేని స్థితిలో, ఏడాది లోపు శిశువును తల కిందికి ఉండేలా ముంజేతి మీద బోర్లా పట్టుకుని వీపు మీద అయిదు సార్లు చరిచి, వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్య అయిదు సార్లు నొక్కాలి. కనబడని గింజ కోసం నోట్లో వేలు పెట్టి కెలికితే అది మరింత లోపలికి పోతుంది. ఆయాసపడే బిడ్డలకు పసరు పోయడం, వాతలు పెట్టడం ఇప్పటికీ అక్కడక్కడ సాగుతున్నాయంటే చెప్పవలసిన వాళ్లం గట్టిగా చెప్పలేదనే అర్థం.

2005లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన 108 సేవ ఎందరికో ప్రాణం నిలిపింది. రాత్రనక పగలనక తిరిగే ఆ సిబ్బంది మీద నాకు ఫిర్యాదు లేదు, వారి చేతికి తగిన సామాను ఉండాలన్నదే నా ఆరాటం. శిశువుల, పిల్లల కొలతల్లో మాస్కులు, బ్యాగులు, ఆక్సీమీటరు క్లిప్పు, స్పేసరు, ఇన్‌హేలరు ఏ వాహనంలో ఉన్నాయో, ఎందులో లేవో మెట్ట మండలాల వరకైనా తనిఖీ చేసి, ఆ వివరాలను మండలాలవారీగా ప్రజల ముందుంచాలి. సిబ్బందికి పెద్దాసుపత్రి పిల్లల వార్డులో ఏటా కొద్ది రోజులు పని చేయించాలి. బిడ్డ వయసు, ఊపిరి లెక్క, ఆక్సిజన్ శాతం వాహనం నుంచే ఆసుపత్రికి ఫోనులో చెప్పే పద్ధతి పెట్టాలి. జిల్లా కలెక్టరు గారు, వైద్యారోగ్య శాఖాధికారి గారు ఈ తనిఖీని రాబోయే వానలకు ముందే పూర్తి చేయించాలని ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
ఉదయగిరి, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా