గట్టెక్కాకే అసలు పరీక్ష

అందరికీ నమస్కారం. జూనియర్ హంటింగ్ టెస్టుకి (వేట కుక్కల పరీక్షల్లో మొదటి మెట్టు) రిట్రీవర్లను, అంటే వేటలో పడిన పక్షిని తెచ్చిచ్చే కుక్కలను, తయారుచేస్తున్నవాళ్లకి ఒక మాట. పరుగు, ఈత వాటికి చాలావరకు పుట్టుకతోనే వస్తాయి. తంటా అంతా నీళ్లలోంచి గట్టెక్కాక. ఒళ్లు విదిలించుకోవాలనిపించగానే డమ్మీని (సాధనలో పక్షికి బదులు విసిరే వస్తువు) కింద పడేస్తాయి, ఆ తర్వాత దాని సంగతే మర్చిపోతాయి. కానీ అమెరికన్ కెన్నెల్ క్లబ్ పెట్టే ఈ టెస్టులో పక్షిని తెచ్చి చేతికే ఇవ్వాలి.

అందుకని మొదట్లో మీరే నీటి అంచు దాకా వెళ్లండి. విదిలించుకునేలోపే డమ్మీ అందుకోండి. కుదిరాక రోజూ రెండడుగులు వెనక్కి జరగండి. నోట్లోంచి లాక్కోవద్దు. లాగేకొద్దీ బిగించి పట్టడం నేర్చుకుంటుంది, రేపు పక్షిని నలిపేస్తుంది. ‘పట్టుకో’ అన్న మాట ముందు పొడి నేల మీద గట్టిపడాలి.

తుపాకీ చప్పుడు అలవాటు చేయడానికి తొందరపడకండి. డమ్మీ వెంట పరుగెత్తుతున్నప్పుడు, బాగా దూరం నుంచి మొదలుపెట్టండి. ఒకసారి బెదిరిందా, దారికి తేవడం మహా కష్టం.

జూనియర్‌లో కుక్కని పంపేదాకా కాలర్ పట్టుకుని ఆపొచ్చు, పై మెట్టైన సీనియర్‌లో ఆ వెసులుబాటు లేదు. కాబట్టి డమ్మీ విసిరిన ప్రతిసారీ కుక్కని వదలకండి, కొన్నిసార్లు కూర్చోబెట్టి మీరే వెళ్లి తెచ్చుకోండి. దానికి నచ్చదు, పర్లేదు!

వీడియోలు పెట్టేవాళ్లు కుక్క గట్టెక్కే క్షణం కనిపించేలా తీయండి. ఈత దృశ్యాలు ఇప్పటికే బోలెడున్నాయి.