బ్లాక్ అండ్ వైట్ ప్రింట్ల మీద మాట్లాడుకునే పద్ధతి మారుస్తున్నాం

కస్టమర్లకు నమస్కారం. ఆదివారాలు మన ల్యాబ్‌లో ప్రింట్లు బల్ల మీద పరిచి, ఒకరి బ్లాక్ అండ్ వైట్ ఫొటోల గురించి ఇంకొకరు మాట్లాడుకుంటున్నారు కదా, వచ్చే వారం నుంచి దాని పద్ధతి మారుతోంది. ఉన్నమాట చెప్పాలంటే ‘సూపర్ అన్నా’, ‘కాంట్రాస్ట్ చాల్లేదు’ అనే మాటలతో ఎవరికీ ఒరిగేదేమీ లేదు. రెండోది విని ఎడిటింగ్‌లో కాంట్రాస్ట్ స్లైడర్ మొత్తం జరిపేసి ఫైల్ తెస్తారు. మళ్లీ ప్రింట్ చేస్తే డబ్బులు మాకొస్తాయి, ఫొటో మాత్రం ఇంకా పాడవుతుంది.

ఇకపై తప్పు చూపించేవాళ్లు అది ఎక్కడుందో, ఎందుకొచ్చిందో, ఏం చేస్తే పోతుందో కూడా చెప్పాలి. చార్మినార్ ఫొటోలో ఆకాశం నల్లగా ఉండి, మినార్ అంచు వెంబడి సన్నటి తెల్ల గీత ఉందనుకోండి. ‘ఎడిటింగ్ ఎక్కువైంది’ అంటే తీసినవాళ్లకేం అర్థమవుతుంది? ‘ఎడమ మినార్ అంచున గీత కనిపిస్తోంది, బ్లూ స్లైడర్ బాగా కిందికి లాగినట్టున్నారు, మైనస్ 30 దగ్గర ఆపి మిగతాది గ్రేడియంట్ మాస్క్‌తో ఆకాశానికి మాత్రమే ఇచ్చి చూడండి’ అంటే ఇంటికెళ్లగానే చేసి చూడొచ్చు. (రంగు ఫొటోని బ్లాక్ అండ్ వైట్‌గా మార్చేటప్పుడు, ఒక్కో రంగు ఎంత తెల్లగా, ఎంత నల్లగా రావాలో ఆ రంగు స్లైడర్ తేలుస్తుంది. గ్రేడియంట్ మాస్క్ ఎంచుకున్న భాగానికే, అంచున మెల్లగా తగ్గేలా ఎడిటింగ్ ఇస్తుంది.) జేపెగ్‌లో సాధారణంగా రంగు వివరాన్ని వెలుతురు వివరం కంటే తక్కువగా దాస్తారు కాబట్టి ఆ గీత ఇంకా మొరటుగా వస్తుంది. కెమెరా సెన్సర్ డేటా ఉండే రా ఫైల్ నుంచే మొదలుపెట్టమని మేం పోరేది అందుకే.

అసలు ఆకాశం నల్లగానే ఉండాలని రూలేం లేదు. నిజాం కాలంలో లాలా దీన్‌దయాళ్ లాంటి ఫొటోగ్రాఫర్లు వాడిన గాజు ప్లేట్లు నీలం వెలుతురుకే ఎక్కువ స్పందించేవి, అందుకే ఆ కాలపు ఫొటోల్లో ఆకాశం చాలావరకు తెల్లటి ఖాళీగా ఉంటుంది. అయినా ఇప్పటికీ నిలబడి చూస్తాం. ‘ఆకాశం ఖాళీ’ అని ఊరుకోకుండా, ఆ ఖాళీ, ఫొటోలోని అసలు విషయం మీంచి కన్ను లాగేస్తోందా లేదా చెప్పండి.

మనుషుల ఫొటోల్లో తరచూ దొరికే తప్పు ఆరెంజ్ స్లైడర్ పైకి లాగడం. మన ఒంటి రంగు ఎక్కువగా దాంట్లోనే ఉంటుంది. పైకి లాగితే చర్మం మైనంలా నున్నగా అయిపోతుంది, బాగా దించితే మచ్చలన్నీ లేస్తాయి. దాన్ని సున్నా దగ్గరే ఉంచి, ముఖం వరకు బ్రష్‌తో పావు స్టాప్ వెలుతురు (కొద్దిగా) లేపితే చాలు. చామనఛాయ మనిషిని తెల్లబరిచే ఎడిటింగ్ మాకు అసలు నచ్చదు, ఇది మా అభిప్రాయం. మీరూ అంతే, ఇష్టాన్ని ఇష్టమని, తప్పుని తప్పని విడిగా చెప్పండి.

నలుపు సంగతి మాత్రం ప్రింట్ చూశాకే మాట్లాడండి. లాడ్‌బజార్‌లో నల్ల బుర్ఖా మడతలు స్క్రీన్ మీద 255కి 10 దగ్గరున్నా (0 అంటే పూర్తి నలుపు, 255 అంటే పూర్తి తెలుపు) కనిపిస్తాయి, మా మెరుపులేని మ్యాట్ పేపర్ మీద అవన్నీ ఒకే ముద్ద. సుమారు 20–25కి లేపాలి, లేదంటే మెరిసే గ్లాసీ పేపర్ తీసుకోవాలి. తెలుపుకీ హద్దుంది. మక్కా మసీదు పావురం 255కి చేరితే అక్కడ ఇంక్ పడదు, గ్లాసీ పేపర్ మీద పక్కకు వంచి చూస్తే ఆ మచ్చ మెరుపు తేడాతో దొరికిపోతుంది. 245 దగ్గర ఆపండి.

ప్రింట్ పసుపుగా ఉందని ఇంటి బల్బు కింద చూసి తేల్చేయకండి, పగలు కిటికీ దగ్గర చూడండి. ‘డార్క్‌గా వచ్చింది’ అనేముందు మీ మానిటర్ బ్రైట్‌నెస్ చూసుకోండి. చదరపు మీటరుకు 80–120 క్యాండెలాలు (వెలుతురు కొలత) చాలు, ఫుల్‌లో పెట్టుకుంటే ఏ ప్రింటైనా డార్కే.

ఇంక డబ్బుల మాట. ఇంక్ గీతలు, ప్రింటర్ హెడ్ రాపిడి, మచ్చలు మా వల్ల వచ్చినవి, రీప్రింట్ ఉచితం. షాడోలు (నీడ భాగాలు) మూసుకుపోవడం, అంచున గీతలు ఫైల్‌లోవి, వాటికి ఛార్జీ ఉంటుంది. గొడవున్న ముక్కను కత్తిరించి మూడు వెర్షన్లు ఒకే ఏ4 షీట్‌పై వేయించుకోండి, ఒక్క ఏ4 బిల్లే పడుతుంది. 16 బిట్ టిఫ్ ఫైల్, ప్రింట్ సైజులో 300 పీపీఐ (అంగుళానికి 300 పిక్సెళ్లు) పంపండి. షార్పెనింగ్ మేం పేపర్‌ని బట్టి వేస్తాం, మీరు వేయకుండా పంపండి.