కారు బేరం డిస్కౌంట్ దగ్గర కాదు, ఆఖరి లైన్ దగ్గర

అమ్మణ్ణీ,

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన కొటేషన్ ఒక్కో లైనూ పెద్దది చేసుకుని చదివాను. ఒంగోలు షోరూమ్ వాళ్లు అడగకుండానే పాతిక వేలు తగ్గించారని నువ్వు మురిసిపోతున్నావు. ఆ కాగితం ఒకసారి మళ్లీ ముందు పెట్టుకో. ఎక్స్‌షోరూమ్ (లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కలపని ధర) 9,40,000, దాని కింద లావు అక్షరాలతో డిస్కౌంట్ 25,000. బాగానే ఉంది. ఇప్పుడు సన్న అక్షరాల్లోకి రా. హ్యాండ్లింగ్ ఛార్జీలు 7,500, బేసిక్ కిట్ అని 22,000, కోటింగ్ అని 9,000. మూడూ కూడితే 38,500. ఈ చేత్తో పాతిక వేలిచ్చి ఆ చేత్తో ముప్పై ఎనిమిదిన్నర వేలు తీసుకున్నారు, ఇన్సూరెన్స్ సంగతి నేనింకా ఎత్తలేదు.

అందుకే చెప్తున్నా, "డిస్కౌంట్ ఎంతిస్తారు" అని అడగడం మానెయ్. అడగాల్సింది ఒకటే: అన్నీ కలిపి బండి నా చేతికొచ్చేసరికి నా ఖాతాలోంచి పోయేది ఎంత? బేరం అంతా ఆ ఆఖరి లైన్ మీదే జరగాలి. పైన వాళ్లు ఎంత తగ్గించారు, ఎందుకు తగ్గించారు అన్నది వాళ్ల లెక్క.

కొత్త కారు అమ్మకంలో డీలరుకి మిగిలేది నువ్వు అనుకునేంత ఉండదు, నూటికి ఏ కొద్ది రూపాయలో. మన హార్డ్‌వేర్ షాపులో సిమెంటు బస్తా మీద మనకి ఏం మిగులుతుందో నీకు తెలుసు కదా, మిగిలేదంతా కుళాయిలు, ఫిట్టింగుల మీద. అక్కడా అంతే. ఇన్సూరెన్స్, లోను, కిట్లు, కోటింగులు, తర్వాత సర్వీసు, వాళ్ల సంపాదన వీటిలో ఉంటుంది. కాబట్టి ఎక్స్‌షోరూమ్ ధర పట్టుకుని "ఇంకో పదివేలు తగ్గించండి" అని వేలాడితే వాళ్లు నిజంగానే తగ్గించలేకపోవచ్చు. అదే ఈ పక్క లైన్లు కొట్టేయించమంటే తగ్గుతుంది. లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు గవర్నమెంటువి, వాటి మీద బేరం లేదు, కానీ వాటికి రసీదు ఉంటుంది, కొటేషన్‌లో వేసిన అంకె, రసీదులో అంకె ఒకటేనా చూసుకో.

హ్యాండ్లింగ్ ఛార్జీ అనేది గవర్నమెంటు ఫీజు కాదు. కంపెనీ నుంచి తెప్పించినందుకు, యార్డులో పెట్టినందుకు అంటారు. అది వాళ్ల వ్యాపారం ఖర్చు, ఎక్స్‌షోరూమ్ ధరలోనే ఉండాలి. "ఇది తీసేయండి" అని నెమ్మదిగా చెప్పు. అందరి దగ్గరా తీసుకుంటున్నాం మేడమ్ అంటారు. "అయితే దీనికి విడిగా బిల్లు ఇవ్వండి, ఏ పనికి తీసుకున్నారో దాంట్లో రాయండి" అను. చాలాచోట్ల ఆ మాటతోనే తీసేస్తారు. కిట్ అన్నారే, మ్యాట్లు, మడ్ ఫ్లాప్‌లు, సీటు కవర్లు, డోరు పక్కన వేసే ప్లాస్టిక్ పట్టీ, ఇంతే అందులో ఉండేది. ఒంగోలులో కారు డెకార్స్ షాపుకెళ్లి అవే విడిగా ధర అడుగు, తేడా నీకే కనబడుతుంది. సీటు కవర్లు వేయించేటప్పుడు మాత్రం సీట్లలోంచి వచ్చే ఎయిర్‌బ్యాగులు ఉన్నాయేమో కనుక్కో, ఉంటే దానికి తగ్గ కవరే వేయించాలి.

ఇక ఇన్సూరెన్స్. నీ కాగితంలో 52,000 వేశారు. అదే బండికి, అదే ఐడీవీకి (బండి పూర్తిగా పోతే ఇన్సూరెన్స్ వాళ్లిచ్చే మొత్తం), అవే యాడ్‌ఆన్‌లతో (పాలసీకి విడిగా కలుపుకునే రక్షణలతో) మీ నాయన బయట అడిగితే 38,000 చెప్పారు. పద్నాలుగు వేలు తేడా, అమ్మణ్ణీ, ఊరికే వచ్చేది కాదు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకి థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి) మూడేళ్లది ఒకేసారి కట్టాలి, అది ఏ కంపెనీలో అయినా ఒకటే రేటు. తేడా వచ్చేదంతా ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టం) దగ్గర, యాడ్‌ఆన్‌ల దగ్గర. పోల్చేటప్పుడు ముందు ఐడీవీ చూడు. కొత్త బండికి మామూలుగా ఎక్స్‌షోరూమ్‌లో 95 శాతం పెడతారు, నీదానికి 8,93,000 దగ్గర ఉండాలి. ఎవరైనా చవగ్గా ఇస్తున్నామంటే ఐడీవీ తగ్గించి ఇస్తున్నారేమో చూడు, బండి పోయిన రోజున చేతికొచ్చేది ఆ అంకే.

షోరూమ్‌లోనే ఇన్సూరెన్స్ తీసుకోవాలన్న రూలు లేదు, ఎక్కడ తీసుకోవాలో కొనేవాళ్ల ఇష్టం. "బయట తీసుకుంటే క్యాష్‌లెస్ రాదు మేడమ్" అని భయపెడతారు. క్యాష్‌లెస్ అంటే రిపేరు డబ్బు ఇన్సూరెన్స్ కంపెనీయే నేరుగా వర్క్‌షాపుకి కట్టడం, అది ఆ ఇన్సూరెన్స్ కంపెనీకీ ఆ వర్క్‌షాపుకీ ఒప్పందం ఉందా లేదా అన్నదాని మీద ఉంటుంది, పాలసీ ఎవరి చేతుల మీదుగా తీసుకున్నావన్నదాని మీద కాదు. కంపెనీ వెబ్‌సైటులో గ్యారేజీల జాబితాలో మీ ఒంగోలు వర్క్‌షాపు పేరు ఉందో లేదో చూసుకో, చాలు. అసలు సులువైన దారి ఇంకొకటి ఉంది. బయటి కొటేషన్ వాళ్ల ముందు పెట్టు, "ఈ రేటుకి మీరే ఇవ్వండి, మీ దగ్గరే తీసుకుంటా" అను. పూర్తిగా ఆ రేటుకి రాకపోయినా దగ్గరికి వస్తారు, వాళ్లకీ కమీషన్ మిగులుతుంది, క్లెయిమ్ వచ్చినప్పుడు మనకీ వాళ్లతో గొడవ ఉండదు.

యాడ్‌ఆన్‌లలో జీరో డెప్ ఉంచు, పార్టులు పాతబడ్డాయని క్లెయిమ్‌లో కోత వేయకుండా ఉండేది అది. ఇంజన్ ప్రొటెక్షన్ కూడా ఉంచు, ఇది మాత్రం నా మాట విను. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు కోవూరు వైపు ఎలా మునిగిందో, హైవే ఎలా తెగిందో చూశాం కదా. నీళ్లలో నిలిచిపోయిన బండిని స్టార్ట్ చేస్తే ఇంజన్లోకి నీళ్లు పోయి పాడవుతుంది, మామూలు పాలసీలో ఆ ఖర్చు రాదు. మన జిల్లాల్లో ఏటా తుఫాన్ల భయం ఉండనే ఉంది. తాళంచెవి పోతే ఇచ్చేది, సామాన్లు పోతే ఇచ్చేది లాంటివి తీసేయించు.

నువ్వు ఫోన్లో చెప్పావే, ఇంకో లక్ష వేసుకుంటే పై వేరియంట్ వస్తుందంట అని. ఆ లక్ష లక్షతో ఆగదు. బండి ధర పది లక్షలు దాటితే లైఫ్ ట్యాక్స్ శ్లాబు మారి శాతమే పెరుగుతుంది. పైగా ఒక శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందే వసూలు చేసే ఇన్‌కమ్ ట్యాక్స్) పట్టుకుంటారు, 10,45,000 బండికి 10,450. ఈ టీసీఎస్ మాత్రం పోయే డబ్బు కాదు, నువ్వు రిటర్న్ వేసినప్పుడు నీ పన్నులో సర్దుకుంటుంది, కానీ ఇప్పుడైతే జేబులోంచి తియ్యాలి. ఇన్సూరెన్స్ కూడా ఆమేరకు పెరుగుతుంది. అల్లుడుగారు చూపించిన పెద్ద బండి సంగతి కూడా చెప్పు ఆయనకి. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్లలోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజన్ ఉన్న కార్లకి జీఎస్టీ 18 శాతం, ఆ కొలతలు దాటితే 40 శాతం. పన్నులోనే అంత తేడా ఉంది. రోజూ దర్శి స్కూలుకి పోయి రావడానికి నువ్వు చూసిన బండి చక్కగా సరిపోతుంది, సన్‌రూఫ్ కోసం అంత ఖర్చు వద్దు నాకైతే.

లోను దగ్గర ఇంకా జాగ్రత్త. వాళ్లు "నెలకి ఎంత కట్టగలరు మేడమ్" అని మొదలుపెడతారు. ఆ ప్రశ్నకి సమాధానం చెప్పావంటే బండి ధర మాట వెనక్కిపోతుంది. నెల వాయిదా తగ్గించడం ఎవరికైనా వచ్చు, రెండేళ్లు పొడిగిస్తే చాలు. ముందు ధర తేల్చు, తర్వాతే లోను మాట. వడ్డీ చెప్పినప్పుడు ఫ్లాట్ రేటా, రెడ్యూసింగా అని అడుగు. ఫ్లాట్ అంటే మొదట తీసుకున్న మొత్తం మీదే చివరిదాకా వడ్డీ, రెడ్యూసింగ్ అంటే ఇంకా మిగిలిన అప్పు మీదే. ఎనిమిది లక్షలకి ఐదేళ్లు 7 శాతం ఫ్లాట్ అంటే వడ్డీ 2,80,000, నెలకి 18,000. వినడానికి ఏడే, తీరా రెడ్యూసింగ్‌లో లెక్కేస్తే పన్నెండున్నర శాతం దాకా పడుతుంది. నీ జీతం పడే బ్యాంకులో 9 శాతం రెడ్యూసింగ్‌కి ఇస్తే నెలకి 16,600 చిల్లర, మొత్తం వడ్డీ రెండు లక్షల లోపే. ఎనభై వేలకి పైగా తేడా. గవర్నమెంటు టీచర్‌వి, నీకు బ్యాంకు కాదనదు. ముందుగా బ్యాంకు నుంచి శాంక్షన్ తెచ్చుకుని షోరూమ్‌కి వెళ్లు, అప్పుడు మాట్లాడే తీరే మారిపోతుంది. ప్రాసెసింగ్ ఫీజు ఎంత, ముందే తీర్చేస్తే పెనాల్టీ ఉందా, ఈ రెండూ అడిగి రాయించుకో.

టీచర్లకి చాలా కంపెనీల్లో కార్పొరేట్ డిస్కౌంట్ ఉంటుంది. నీ కొటేషన్‌లో అది లేదు. నువ్వు అడగలేదు కాబట్టి వాళ్లు చెప్పలేదు. స్కూల్ ఐడీ కార్డు తీసుకెళ్లి అడుగు.

ఒక్క షోరూమ్‌తో తేల్చుకోవద్దు. అదే మోడల్, అదే వేరియంట్, అదే రంగు నెల్లూరులో అడుగుదాం, గుంటూరులో కూడా ఫోన్ చేసి అడుగు. రాష్ట్రమంతా ఇప్పుడు ఏపీ 39, 40 నంబర్లే కాబట్టి జిల్లా నంబరు పోతుందన్న బెంగ కూడా లేదు. మద్రాసు వద్దు, వేరే రాష్ట్రం రిజిస్ట్రేషన్, పన్ను, ఆ తిప్పలు మనకెందుకు. అడిగేటప్పుడు నోటి మాట కాదు, లైన్లవారీగా కాగితం కావాలి, లేదా షోరూమ్ మెయిల్ నుంచి రావాలి. సేల్స్ అబ్బాయి తన ఫోన్‌లో టైపు చేసి పంపిన అంకెని మేనేజరు రేపు ఒప్పుకోకపోతే నువ్వు ఏమీ చేయలేవు.

ఇంకో మాట, పంతులుగారు ముహూర్తం పెట్టారని అక్కడ ఎవరికీ చెప్పొద్దు. శ్రావణ శుక్రవారం బండి ఇంటికి రావాలి అని తెలిసిందంటే ఇక బేరం లేదు, వాళ్లు కూర్చుని నువ్వు దిగొచ్చేదాకా చూస్తారు. ఇప్పుడు ఆషాఢం, షోరూమ్‌లు ఖాళీగా ఉంటాయి, నెలాఖరుకి వాళ్లకి టార్గెట్ ఉంటుంది. "బిల్లు ఈ నెలలోనే వేసుకోండి, డెలివరీ మాత్రం నేను చెప్పిన రోజున" అంటే వాళ్లకి అంకె వస్తుంది, మనకి ధర వస్తుంది. బుక్ చేసిన రోజు ధర కాదు, బిల్లు రోజు ధరే లెక్క అని బుకింగ్ ఫారం వెనక మామూలుగా ఉంటుంది, మధ్యలో కంపెనీ ధర పెంచితే మనమే కట్టాలి. అందుకే బిల్లు త్వరగా పడితే మంచిది. మీ మామగారిని తీసుకెళ్తే తీసుకెళ్లు గానీ, బండి చూసి "చాలా బాగుందమ్మా, ఇదే తీసుకుందాం" అని వాళ్ల ముందే అనేస్తారు, ఆయన మంచి మనిషి. లెక్కలు మాట్లాడే రోజున నువ్వూ అల్లుడుగారూ చాలు. నువ్వు అడిగినా వాళ్లు జవాబు అల్లుడుగారికి చెప్తారు, చూడు. ఆయన్ని ముందే అడుగు, "ఆమెతోనే మాట్లాడండి, కొనేది ఆమే" అని చెప్పమను.

మన పాత బండి సంగతి కొత్తదానితో కలిపి మాట్లాడొద్దు. ఎక్స్‌ఛేంజ్ బోనస్ నలభై వేలు అంటారు, పాత బండి విలువలో ఆ నలభై వేలూ కోసేస్తారు. మీ నాయన బయట ఇద్దరు ముగ్గురికి చూపించి ధర కనుక్కుంటున్నారు. షోరూమ్ ఇచ్చేది, బోనస్ కలిపి, అంతకన్నా ఎక్కువైతే అక్కడే ఇచ్చేద్దాం. ఆర్‌సీ మీ నాయన పేరు మీద ఉంది కాబట్టి బోనస్ వర్తిస్తుందా అని ముందే అడుగు. బండి పేరు మార్పిడికి పెట్టే ఫారం 29, 30 ఖాళీగా సంతకం పెట్టి ఇవ్వడం మాత్రం కుదరదు. బండి అవతలివాళ్ల పేరు మీదకి మారేదాకా ఏం జరిగినా మీ నాయన ఇంటికే కాగితం వస్తుంది.

అన్నీ కుదిరాక, పూర్తి డబ్బు కట్టకముందే, రిజిస్ట్రేషన్ కాకముందే యార్డుకెళ్లి బండి చూడాలి. పగలే, ఎండలో చూడు, రంగు తేడా ఉంటే అప్పుడే తెలుస్తుంది. ఛాసిస్ నంబరు రాసుకో, బిల్లులో అదే నంబరు రావాలి. టైరు పక్కన చిన్న గుండ్రటి గడిలో నాలుగు అంకెలుంటాయి, 2625 అంటే 2025లో 26వ వారంలో తయారైందని. నాలుగు టైర్లూ, స్టెప్నీ చూడు. డీలరు ఇచ్చే అమ్మకం పత్రం, ఫారం 21లో బండి తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. పాత స్టాక్ అయితే వద్దనక్కర్లేదు, దానికి తగ్గట్టు ఇంకా తగ్గించమని అడుగు, అది న్యాయమైన బేరమే. కిలోమీటర్లు వందలు చూపిస్తుంటే మాత్రం వేరే బండి ఇమ్మను.

డబ్బు షోరూమ్ బ్యాంకు ఖాతాకే, సేల్స్ అబ్బాయి ఫోన్‌పేకి ఒక్క రూపాయి వద్దు. నగదు రెండు లక్షలు, ఆపైన తీసుకోవడానికి వాళ్లకి చట్టం ఒప్పుకోదు, కాబట్టి మామయ్య ఇస్తానన్న డబ్బు కూడా ముందు నీ ఖాతాలో వేయించుకో.

ఆ సేల్స్ అబ్బాయితో గట్టిగా మాట్లాడాల్సిన పని లేదు. వాడి జీతం ఎంతో ఉండదు, ఇన్సెంటివ్ మీద బతుకుతాడు, ధర తగ్గించే అధికారం వాడి చేతిలో లేదు. టీ తాగి, థాంక్స్ చెప్పి, మేనేజరుతో ఒకసారి కూర్చోబెట్టమని అడుగు. ఆ పక్క లైన్లు మూడూ పోయి, ఇన్సూరెన్స్ నలభై వేల దగ్గరికి వచ్చి, కార్పొరేట్ డిస్కౌంట్ పడితే ఇక లాగొద్దు, తీసుకో. వాళ్లకీ నాలుగు డబ్బులు మిగలాలి, నీ బండి అక్కడే సర్వీసుకి పోవాలి ఇంకా కొన్నేళ్లు. అంతకు రాకపోతే కొటేషన్ మడిచి బ్యాగులో పెట్టుకుని ఇంటికొచ్చెయ్, సాయంత్రానికి వాళ్లే ఫోన్ చేస్తారు.

సోమవారం మీ నాయన నెల్లూరు పోతున్నారు, మినీ బైపాస్‌లో షోరూమ్‌కెళ్లి కొటేషన్ తెస్తారు, రాగానే ఫోటో పెడతాను. అప్పటిదాకా బుకింగ్ డబ్బు కట్టకు. పిల్లాడికి దగ్గు తగ్గిందా? ఫోన్ చెయ్యి.

అమ్మ
కావలి