ఆలివ్ గ్రీన్ అందరికీ కాదు

సంపాదకులకు నమస్కారం.

ఫైబర్‌గ్లాస్ బాడీ ఉన్న నా పాత రెండు సీట్ల శాన్ స్టార్మ్ కారుకు బెంగళూరులో మరెవరికీ లేని రంగు వేయించాలని ముచ్చటపడి, జేసీ రోడ్డు పక్క సందులోని షెడ్డులో ముదురు గోంగూర ఆకును చూపించి అదే పచ్చదనం కావాలన్నాను. పెయింటర్ రేకు ముక్కపై స్ప్రే కొట్టి ఎండలోకి తెచ్చేసరికి అది అచ్చంగా ఆలివ్ గ్రీన్. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 121వ నిబంధన ప్రకారం ఆ రంగు రక్షణ శాఖ వాహనాలకే పరిమితమని ఆయనే హెచ్చరించారు.

ఇంట్లోవాళ్లు నవ్వినా, చివరికి వంకాయ రంగు ఖాయం చేశాను. మెరుపు కోసం పెర్ల్ పూత ఆశించాను గాని, రేపు ఒక తలుపు గీసుకుపోతే పాత పూతకు సరిగ్గా కలపడం కష్టమని తెలిసి, మామూలు బేస్ కోటు (రంగు పూత), దానిపై క్లియర్ కోటు (రంగులేని పైపూత)తో సరిపెట్టుకున్నాను. ఆర్సీలో రంగు కూడా నమోదై ఉంటుంది కనుక దానిని మార్పించుకోవడం వేరే పని.

రంగుల కార్డులు చూపే ప్రతి షెడ్డులోనూ ఈ ఆలివ్ గ్రీన్ నిబంధనను కన్నడ, తెలుగు, తమిళ భాషల్లో గోడకు అంటించేలా రవాణా శాఖ చూడాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, జయనగర్, బెంగళూరు