నాలుగింటికి బాల్కనీలో ఉండు

హెల్సింకి,
డిసెంబర్ 20, 2025.

అమ్మకి నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమం. రోజూ ఫోన్లో మాట్లాడుకుంటున్నా కొన్ని మాటలు గొంతు దాటి రావు. అందుకే ఈ ఉత్తరం.

పోయిన చలికాలం నీకు నిజం చెప్పలేదు. నువ్వు అడిగినప్పుడల్లా బాగున్నానన్నాను. బాగోలేనమ్మా. ఈ రోజుల్లో ఇక్కడ తొమ్మిదిన్నర కావస్తుంటేగానీ సూర్యుడు రాడు, మూడుంబావుకల్లా వెళ్లిపోతాడు. చీకట్లో ఆఫీసుకి, చీకట్లో ఇంటికి. సెలవొస్తే ముసుగు తియ్యబుద్ధయ్యేది కాదు. అంట్లు మూడేసి రోజులు సింకులోనే ఉండేవి. మనసు కుదుటపడ్డాక లేచి అన్నీ చేసుకుందామనుకున్నాను. ఎన్ని వారాలు చూసినా అది కుదుటపడలేదు.

చివరికి ఆరోగ్య కేంద్రంలో ఒక నర్సు నా గోడంతా విని, పొద్దున లేవగానే అరగంట బాగా కాంతినిచ్చే దీపం ముందు కూర్చోమంది. పదివేల లక్స్ దీపం (లక్స్ అంటే వెలుగుకి కొలత), ఇక్కడ మామూలు కొట్లలోనే దొరుకుతుంది. పొద్దుటి వెలుగు కంట పడితేనే ఒంట్లోని గడియారానికి తెల్లారిందని తెలుస్తుందట. కొన్నాను. నాలుగు రోజులు పెట్టి మర్చిపోయాను. తర్వాత దాన్ని కాఫీ ఫిల్టరు పక్కకి మార్చాను. కాఫీ ఏనాడూ మర్చిపోను కదా! ఇప్పుడు డికాషన్ దిగుతుండగా స్విచ్ వేసి, దాని ముందే కాఫీ తాగుతున్నాను. విటమిన్ డి మాత్రల సీసా కూడా అక్కడే.

మధ్యాహ్నం పన్నెండున్నరకి ఏ పనున్నా ఇరవై నిమిషాలు బయట నడుస్తాను. అప్పుడు కూడా సూర్యుడు నడినెత్తికి రాడు, చెట్ల కొమ్మల వెనక పాక్కుంటూ పోతాడు. అయినా ఆ కాస్త వెలుగే చాలు. ఇక్కడివాళ్లు పసిపిల్లల్ని తోపుడుబండిలో వెచ్చగా చుట్టి, గడ్డకట్టే చలిలో ఆరుబయటే నిద్రపుచ్చుతారు. మొదటిసారి చూసి నా గుండె ఝల్లుమంది. సంతోషంగా ఉన్న దేశాల లెక్కలో 2018 నుంచి ఏటా ఫిన్లండ్‌దే మొదటి పేరు. ఎందుకో నాకు తెలియదుగానీ, వాన, మంచు అని వీళ్లు ఇంట్లో కూర్చోరు. అది మాత్రం కళ్లారా చూశాను.

శనివారం సాయంత్రం మా బిల్డింగు ఆవిరిగదిలో, అదే సౌనాలో, నాకొక గంట రాసిపెట్టి ఉంటుంది. కాలిన రాళ్ల మీద గరిటెతో నీళ్లు పోస్తే భగ్గున ఆవిరి లేస్తుంది. ఆ వేడికి నువ్వు శనివారం తలంటి, కుంకుడురసం కళ్లల్లో పడి నేను ఏడిస్తే ఉప్పుకల్లు నాలుక మీద పెట్టడం గుర్తొస్తుంది. ఆ తర్వాత పట్టే నిద్ర కూడా అచ్చం అప్పటి నిద్రే.

అమ్మా, ఇదంతా రాస్తుంటే బ్రాడీపేట ఇంట్లో ధనుర్మాసం కళ్ల ముందు కదులుతోంది. తెల్లారకముందే లేచి కళ్లాపి చల్లి, చుక్కలు పెట్టి, ముగ్గు పూర్తయ్యేసరికి ఎండ నీ మొహాన పడేది. ఆ ముగ్గు నిన్నెంత నిలబెట్టిందో నాకిప్పుడు తెలుస్తోంది. ఫ్లాటులోకి మారాక ఎనిమిదైనా లేవడం లేదని, టీవీ ముందు నుంచి కదలడం లేదని పిన్ని చెప్పింది. నువ్వూ నాతో బాగున్నాననే అంటున్నావు.

మోకాళ్లు నొప్పని తెలుసు. నేల మీద వంగొద్దు. బాల్కనీలో తులసికోట దగ్గర స్టూలు వేసుకుని, పీట మీద నాలుగు చుక్కల ముగ్గు పెట్టు, అక్కడే కాఫీ తాగు. ముగ్గుపిండి డబ్బా అటక మీద ఉంది, తమ్ముణ్ణి దింపమను.

నా పన్నెండున్నర నీకు నాలుగు గంటలు. నువ్వు టీ పెట్టుకునే వేళ. రేపటి నుంచి నడుస్తూ వీడియో కాల్ చేస్తాను. నాకు నీ ఎండ చూపించు, నీకు నా మంచు చూపిస్తాను. ముందు ఆ పీట మీది ముగ్గు చూపించాలి.

నీ
చిన్నమ్మాయి